ముట్టించని బీడీ

పోయిన టేపు సంగతి తర్వాత చూడవచ్చు, ముందు ఈ బీడీ సంగతి తేలాలి అనుకున్నాడు చౌడప్ప.

రాబర్ట్‌సన్‌పేటలో కేజీఎఫ్ బంగారు గనుల పక్కన కుముద ఇంటి ముందుగది అది. బల్ల మీద టేపు యంత్రం, దాని మీద కప్పిన పూలగుడ్డ. యంత్రం పక్కన ఒక తమలపాకు, ఆకు మీద ఒక బీడీ, దానికి ఆనుకుని గ్లాసుతో నీళ్ళు. బీడీ ముట్టించింది కాదు. కట్టిన దారం కూడా వదులు కాలేదు.

"నాయన పోయినాక ఈ ఇంట్లో మొగవాళ్ళే లేరు, చౌడప్ప గారూ. ఉన్నప్పుడూ ముక్కుపొడి తప్ప ఆయన బీడీ ముట్టినవాడు కాదు," అంది కుముద.

చౌడప్ప తల ఊపాడు. డిటెక్టివ్ పని పెట్టుకోకముందు అతను చాలా ఏళ్ళు పాత సామాన్ల వ్యాపారం చేశాడు. గనుల వేలంలో తుప్పు పట్టిన మోటారును నాలుగు వైపులా చూసి, అది ఎంత తిరిగిందో, దాన్ని ఎవరి మొరటుతనం పాడుచేసిందో చెప్పేవాడు. కొట్టు ఎత్తేసినా ఆ బుద్ధి పోలేదు. వస్తువు పోయిందంటే ఎవరు తీశారని కాక, అది ఎవరికి పనికొస్తుందని అడిగేవాడు. లాభం ఎవరిదో తెలిస్తే చేయి ఎవరిదో తెలుస్తుందని అతని లెక్క.

ఈ టేపు విషయంలో లాభం ఎవరిదో పసిపిల్లలకు కూడా తెలుసు.

కుముద మద్రాసులో సముద్రజీవుల మీద పరిశోధన చేస్తుంది. మొన్న జనవరిలో దక్షిణాన ఒక జాలరిపల్లె ఒడ్డుకు నల్లటి తిమింగలాలు మందగా కొట్టుకొచ్చాయి. జాలర్లు తాళ్ళు కట్టి, పడవలతో లాగి లోతు నీళ్ళలో వదిలితే, అవి మళ్ళీ వెనక్కి తిరిగి అదే ఇసుకలోకి వచ్చాయి. ఒక్కటీ బతకలేదు. దానికి ముందురోజు కుముద అదే నీళ్ళలో పడవ మీద ఉంది. నీటిలోకి మైకు దించి చప్పుళ్ళు పట్టింది. సముద్రం అడుగున చమురు వెతికే ఒక కంపెనీ ఓడ ఆ రోజంతా నీళ్ళలో, ప్రతిధ్వనిని బట్టి అడుగు తెలుసుకునే గాలితుపాకులు పేలుస్తూనే ఉంది. ఆ దెబ్బలు, ఆ మధ్యలో తిమింగలాల అరుపులు టేపులో పడ్డాయి. టేపు మొదట్లో కుముద తన గొంతుతో తారీఖు, చోటు, ఎదురుగా కనిపిస్తున్న ఓడ పేరు చెప్పింది. పడవ యజమాని గొంతు కూడా దాని వెంటే ఉంది.

కంపెనీ మాత్రం ఆ రోజు తమ ఓడ రేవులోనే ఉందంటోంది. టేపు దొంగటేపు అంటోంది. రేపు మద్రాసులో విచారణ. టేపు వినిపించకపోతే కుముద ఉద్యోగం పోతుంది. అది ఆమెకు పెద్ద బాధ కాదు. సోమవారం ఆ ఓడ మళ్ళీ అదే నీళ్ళలోకి వెళ్తుంది, ఈ నెలల్లోనే అక్కడినుంచి ఇంకో మంద దాటాలి. అది ఆమెకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఆఫీసులో ఉంచడానికి భయపడి టేపును, పడవ మీద వాడిన యంత్రాన్ని కేజీఎఫ్‌కు తెచ్చుకుంది. నకలు తీయడానికి ఇక్కడ రెండో యంత్రం లేదు. నిన్న సాయంకాలం తల్లి అలమేలును డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి వచ్చేసరికి టేపు లేదు.

"ఈ యంత్రానికి రెండు చక్రాలు ఉండాల గదమ్మా. రెండూ లేవే?" అన్నాడు చౌడప్ప గుడ్డ ఎత్తి చూస్తూ.

మంగళవారం వింటూ వింటూ తట్టుకోలేక సగంలో ఆపేశానని చెప్పింది కుముద. సగం టేపు ఈ చక్రానికి, సగం ఆ చక్రానికి చుట్టుకుని ఉండిపోయింది. తర్వాత దాన్ని తాకడానికి ఆమెకు మనసు రాలేదు.

చౌడప్ప యంత్రం ముందు వంగి నిలబడ్డాడు. యంత్రం తెలిసిన దొంగ అయితే టేపంతా ఒక చక్రానికి చుట్టి తీసుకెళ్తాడు. తొందరలో ఉన్న దొంగ అయితే మధ్యలో తెంపుతాడు. తెగిన ముక్క ఎక్కడా లేదు. వచ్చినవాళ్ళెవరో రెండు చక్రాలనూ రెండు చేతుల్లోకి తీసుకుని, మధ్యలో టేపు తెగకుండా, పురిటిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుకుపోయారు. పోతూ పోతూ యంత్రం మీద గుడ్డ కప్పారు. కంపెనీ పంపిన మనిషికి ఇంత మెత్తని చేయి ఉండదు. పెరటి తలుపు గొళ్ళేనికి గీత కూడా పడలేదు.

అప్పుడే వాకిట్లో తెల్ల కారు ఆగింది.

దిగినవాడు హయగ్రీవ. కంపెనీ తరఫున పరిశోధన చేసే మనిషి. ఒకప్పుడు ఇదే ఊళ్ళో గుమాస్తా కొడుకు, చౌడప్పతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. టేపు పోయిందని కుముద పొద్దున్నే మద్రాసుకు ఫోన్ చేసి చెప్పింది. ఆ కబురు అప్పుడే బంగారుపేటలో బస చేసిన ఇతనికి చేరిపోయింది. అలమేలుకు నమస్కారం పెట్టి, బల్ల దగ్గరున్న రెండు కుర్చీల్లో ఒకదాన్ని పక్కకు నెట్టి, రెండోదాంట్లో కూర్చున్నాడు.

"ఏమప్పా చౌడప్పా, బీడీలు కూడా కొనేదానికి మొదలుపెట్టినావా?"

"అమ్మేవాడు యాడుండాడో తెలిస్తే కొంటాను."

"గని కూలీల లైన్లలో వెతుకు. ఎవడో రౌడీ వచ్చి, జేబులోనుంచి జారవిడుచుకుని పోయినాడు. దానికింత ఆలోచన ఎందుకు?"

జేబులోంచి జారిన బీడీ తమలపాకు చూసుకుని పడదని చౌడప్ప అనుకున్నాడు గానీ పైకి అనలేదు. హయగ్రీవ రౌడీ మాట వదిలేసి కుముద వైపు తిరిగాడు. అబద్ధం బయటపడుతుందని ఆమే దాచి ఉంటుందని, ఇప్పుడైనా తీసి ఇస్తే మర్యాదగా ముగిసిపోతుందని నెమ్మదిగా, పెద్దమనిషిలా చెప్పాడు. ఇల్లంతా వెతకాలన్నాడు. బావి కూడా చూడాలన్నాడు.

"నాకు ఆ టేపు కావాల, చౌడప్పా. రేపు అందరి ముందర అది మోగాల."

"మొన్నటిదాకా అది చెల్లని సరుకు అన్నావే?"

"చెల్లదని చూపించేదానికే కావాల."

"నువ్వు విన్నావా దాన్ని?"

"నేను యాడ విందును? ఈ ఇంటి గడప తొక్కి పదేండ్లు అయింది."

చౌడప్ప పూలగుడ్డను మళ్ళీ యంత్రం మీద కప్పాడు. మనసులో మాత్రం రెండు విషయాలు పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒకటి, ఎదుటివాడి సరుకు పోతే పోటీదారు లోపల సంతోషించాలి. ఇతను దాన్ని వెతకడానికి బావిలో దిగేలా ఉన్నాడు. అంటే ఆ టేపు రేపు మోగితే లాభం ఇతనికే అని గట్టి నమ్మకం ఉంది. ఆ నమ్మకం ఎక్కడిది? రెండోది ఆ కుర్చీ. హయగ్రీవ బయట సిగరెట్టు కాల్చుకోవడానికి వరండాలోకి వెళ్ళగానే, అతను నెట్టేసిన కుర్చీని చౌడప్ప కదిపి చూశాడు. దాని వెనక కాలు ఊగుతోంది. పైకి ఏమీ కనిపించదు, కూర్చుంటేనే తెలుస్తుంది. ఆ కాలు ఎప్పుడు విరిగిందని అలమేలును అడిగాడు.

"పోయిన నెలలో విరిగిందప్పా. వడ్రంగి ఇంగా రాలేదు," అంది ఆమె.

పదేళ్ళుగా రానివాడికి పోయిన నెల విరిగిన కుర్చీ తెలుసు. కానీ టేపు ఎత్తిన చేయి ఇతనిది కాదు. ఇంట్లోకి రెండు చేతులు వచ్చాయి. ఒకటి గట్టిది, ఒకటి మెత్తది. గొళ్ళేనికి గీత పడకుండా లోపలికి రాగలిగిన ఆ మెత్తని చేయి ఎవరిదో చౌడప్పకు ఇంచుమించు అర్థమైంది. ఇష్టం లేకుండానే వంటింటి వైపు నడిచాడు.

వంటింట్లో మునిలక్ష్మమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. ఈ ఇంట్లో ఆరేళ్ళుగా పని చేస్తోంది. గనిలో మొగుడు పోయిన ఏడాదే ఇక్కడ చేరింది. చౌడప్ప గడప మీద కూర్చున్నాడు. టేపు మాట ఎత్తలేదు. కొత్త బియ్యం గురించి, సంతలో రాళ్ళు కలిపే వాళ్ళ గురించి కాసేపు మాట్లాడాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మీ ఆయన ఏ బీడీ తాగుతా ఉండె, అక్కా?"

చాటలో ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"ఎవరూ నిన్ను ఏమీ అనరు. నేనుండాను గదా."

ఆమె చాటను పక్కన పెట్టింది. "ఆయప్ప బతికుండగా ఆయప్ప పేరు నేను ఎప్పుడూ పలకలేదు. మొగుడి పేరు పలకకూడదు గదా. నిన్న పలికినాను," అంది.

చౌడప్పకు ఆ ఆచారం తెలుసు. కేజీఎఫ్ లైన్లలో పుట్టినవాడు. గనిలో పోయినవాడి శవం దొరక్కపోతే, ఇంటివాళ్ళు గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి వెళ్ళి, అతనికి ఇష్టమైనది ఆకు మీద పెట్టి, నీళ్ళు పెట్టి, పేరు పెట్టి పిలిచి ఇంటికి రమ్మంటారు. అక్కడినుంచి ఒక రాయో, గుప్పెడు మట్టో తెచ్చుకుంటారు. పిలవాల్సింది భార్య.

"షాఫ్టు కాడ పిలిచినప్పుడు నోరు రాలేదు సామీ. మా అత్త పిలిచింది. అందుకే ఆయప్ప రాలేదనుకుంటా ఉంటిని." ఆమె గొంతు చాలా చిన్నదైంది. "ఏర్ బ్లాస్ట్ అయినాక లోపల చిక్కినోళ్ళు గాలిపైపు మీద కొడతారు గదా. బతికుండామని. బయటోళ్ళు బదులు కొడతారు, వస్తా ఉండామని. ఆపొద్దు ఎంతసేపు కొట్టినా లోపలినుంచి చప్పుడు రాలేదన్నారు. ఇంగా రాళ్ళు పడతానే ఉండాయని మూసేసినారు. కానీ కుముద పాప పెట్టిన టేపులో ఉండాది సామీ. ధబ్బుమని ఒక దెబ్బ. దాని ఎనకాల టక్ టక్ టక్. మళ్ళా దెబ్బ. మళ్ళా టక్ టక్. నాలుగు దినాలు ఈడ కూర్చుని విన్నాను. పైపు మీద కొడతా ఉండాడు ఆయప్ప."

ఏర్ బ్లాస్ట్ అంటే ఏమిటో ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కరలేదు. లోతున రాయి తన బరువు తనే మోయలేక పగులుతుంది, పైన ఇళ్ళల్లో గిన్నెలు కదులుతాయి. ఆ దెబ్బ తర్వాత వచ్చే నిశ్శబ్దంలో పైపు చప్పుడు కోసం చెవులు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళను అతను చిన్నప్పటినుంచి చూశాడు. సముద్రంలో పట్టిన చప్పుడు వినిపిస్తే, ఆ చెవులు ఇంకేమి వింటాయి?

ఆమెతో కలిసి వెనక సందులోనుంచి లైన్ ఇంటికి వెళ్ళాడు. ఒంటిగది. దీపం కింద వెదురుబుట్టలో మడత పెట్టిన కాకీ చొక్కా, దాని మీద రెండు చక్రాలు. మధ్యలో టేపు తెగలేదు, మెలిపడలేదు. బుట్టను ఎత్తుకుని చౌడప్ప ముందు నడిచాడు. మునిలక్ష్మమ్మ రెండడుగులు వెనక నడిచింది.

కుముదకు కోపం వస్తుందని చౌడప్ప అనుకున్నాడు. ఆమె సంగతంతా విని, బుట్ట వైపు ఒకసారి చూసి, మునిలక్ష్మమ్మ పక్కన నేల మీద కూర్చుంది. అబద్ధం చెప్పి ఆమెను ఊరడించడం సులువే. చౌడప్ప అయితే బహుశా అదే చేసేవాడు.

"అది అన్న కాదు, అక్కా," అంది కుముద. "తిమింగలాలు. లోతు నీళ్ళలో చీకటి గదా, అవి చప్పుడు చేసుకుంటా దారి చూసుకుంటాయి. ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. ఒకటి చిక్కులో పడితే మిగిలినవి దాన్ని విడిచి పోవు. ఆ టక్ టక్ అవి చేసేది. దెబ్బలు ఓడవి."

"ఆ దెబ్బలకే దారి తప్పినాయా?"

"అట్లని నేను ఒట్టు పెట్టలేను. దెబ్బలు ఉండినాయి, ఇవి పిలుచుకుంటా ఉండినాయి, తెల్లారి ఒడ్డుకొచ్చినాయి. అంతవరకే నాకు తెలిసింది. అదే రేపు చెప్పాలనుకున్నాను."

మునిలక్ష్మమ్మ ఏడవలేదు. కాకీ చొక్కా అంచును వేళ్ళతో సరిచేస్తూ కూర్చుంది. తలెత్తి అడిగింది.

"వాటికి ఎవరన్నా బదులు కొట్టినారా, పాపా?"

"లేదక్కా. ఎవరూ కొట్టలేదు."

కుముద కళ్ళు తుడుచుకుని లేచి చక్రాలను యంత్రం మీద పెట్టింది. ముందు తన గొంతు వినిపిస్తానని, అప్పుడు ఇది సముద్రమని అక్కకు నమ్మకం కుదురుతుందని టేపును మొదటికి తిప్పింది. మీట నొక్కింది. చక్రాలు తిరిగాయి. చప్పుడు లేదు. ఇంకాసేపు తిరిగాయి. ఉన్నట్టుండి ధబ్బుమని ఓడ దెబ్బ పడింది. అలమేలు అలవాటుగా గూట్లోని ఇత్తడి చెంబుకు చేయి అడ్డం పెట్టింది. తారీఖు లేదు, ఓడ పేరు లేదు, పడవ యజమాని గొంతు లేదు.

"తుడిచేసినారు," అంది కుముద. "మొదలంతా తుడిచేసినారు. ఇంగ దీన్ని ఎవరు నమ్ముతారు?"

చౌడప్పకు హయగ్రీవ నమ్మకం ఎక్కడిదో అర్థమైంది. రేపు అందరి ముందు టేపు మోగాలి, మొదలు లేకుండా మోగాలి. ఎక్కడ పట్టారో తెలియని దెబ్బలు, కేజీఎఫ్‌లో పెరిగిన పిల్ల. గనుల చప్పుడు తెచ్చి సముద్రం అంటోందని అక్కడే ముద్ర వేసేస్తారు. అందుకే టేపు పోతే అతనికి అంత బెంగ.

"ఇది తుడిచేదెట్లమ్మా?"

"దీంట్లో వేరే దారి లేదు. దాని మీద ఇంకోసారి రికార్డు చేస్తేనే పాతది పోతుంది. మైకు మీట పూర్తిగా తగ్గించి చేస్తే ఏమీ పడదు."

"ఎవడో గాని, పూర్తిగా తగ్గించినాడో లేదో చూద్దాం. చప్పుడు ఎంతుంటే అంత పెంచు."

కుముద పెంచింది. గదంతా బుస్సుమనే శబ్దం నిండింది. అందరూ యంత్రం మీదికి వంగారు. ఆ బుసలో ఎక్కడో దూరంగా ఒక గిన్నె చప్పుడైంది. తర్వాత సన్నగా, బావి అడుగునుంచి వచ్చినట్టు ఒక ఆడగొంతు.

"కాఫీ కలిపేదా, సామీ?"

"వద్దు. కురుడుమలె నుంచి వీళ్ళు ఎప్పుడొస్తారు?"

"పొద్దు గూకేకి వస్తారు సామీ."

"సరే. తలుపు దగ్గరికి వేసి పో."

మునిలక్ష్మమ్మ తన గొంతు తనే విని నోటి మీద చేయి వేసుకుంది. విచారణకు ముందు మొక్కు తీర్చుకుందామని బుధవారం తల్లీకూతుళ్ళు కురుడుమలె వినాయకుడి గుడికి వెళ్ళారు. హయగ్రీవ వచ్చాడు. ఊళ్ళో గుమాస్తా కొడుకుగా తెలిసినవాడే అని ఆమె తలుపు తీసింది. అతను మొదలు తుడిచి, టేపును మళ్ళీ సగానికి తెచ్చి పెట్టిపోయాడు. ఆ రోజు అది చెప్పాల్సిన సంగతి అని ఆమెకు తోచలేదు; మర్నాడు టేపు తీశాక, ఆ మాట బయటపడుతుందేమోనని ఎవరికీ చెప్పలేదు.

అందరూ ఒకేసారి వాకిలి వైపు తిరిగారు. హయగ్రీవ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వేళ్ళ మధ్య సిగరెట్టు బూడిద పొడుగ్గా వేలాడుతోంది.

"ఒక్క రీతి గొంతులు లోకంలో శానా ఉంటాయి," అన్నాడు. అతని గొంతులో పెద్దరికం అట్లాగే ఉంది. "దొంగతనం చేసిన పనిమనిషి సాక్ష్యం ఎవరికి చెల్లుతుందప్పా?" తర్వాత ఆమె వైపు చూశాడు. "మునిలక్ష్మమ్మా, పోలీసు కేసు పడితే ఆ లైన్ ఇల్లు నీకు ఉండదు. తెలుసునా? ఆలోచించుకో. రైలు రేపు పొద్దున గదా, బంగారుపేట స్టేషన్లోనే ఉంటాను."

కారు చప్పుడు బంగారుపేట దారి పట్టింది.

నువ్వు రావద్దని కుముద మునిలక్ష్మమ్మకు చెప్పింది. టేపు ఒక్కటే చాలునంది. ఇల్లు పోగొట్టుకోవద్దని బతిమాలింది. టేపు ఒక్కటే చాలదని చౌడప్పకు తెలుసు. ఆ గొంతు నాదే, ఆ రోజు వచ్చింది ఈ మనిషే అని చెప్పే నోరు పక్కన లేకపోతే అది వట్టి బుస. ఎన్నో బేరాలు తెగేదాకా లాగినవాడు, ఈ బేరంలో మాత్రం ఒక మాట కూడా కలపలేకపోయాడు.

మునిలక్ష్మమ్మ లేచి చేతులు కడుక్కుంది. చక్రాలను యంత్రం మీదినుంచి తీయించి, రేకుడబ్బాలో పెట్టించి, కాకీ చొక్కాలో చుట్టింది.

"మా ఆయప్ప కొట్టినాడో లేదో నాకు తెలీదు. ఇవి కొట్టినాయి గదా," అంది. "నేనే తీసినానని చెప్తాను. ఆ సామి వచ్చినాడని చెప్తాను. పద పాపా."

చౌడప్ప రేపటి రైలు కోసం ఆగలేదు. ముళబాగిలులో బెల్లం లోడు వేసుకుని చిత్తూరు మీదుగా మద్రాసు పోయే ముత్యాలప్ప లారీ ఉంది. పాత సామాన్ల రోజులనుంచీ స్నేహం. పొద్దు ఇంకా ఉండగానే ముళబాగిలు చేరి వాళ్ళు లారీ ఎక్కారు. కుముద ముత్యాలప్ప పక్కన, మునిలక్ష్మమ్మ మధ్యలో, చౌడప్ప ఇవతలి తలుపు దగ్గర. ముందు సీట్లో అంతమంది కూర్చుంటే గేరు ఎక్కడినుంచి వెయ్యాలని ముత్యాలప్ప గొణిగాడు.

ఊరు దాటాక చౌడప్ప పక్కనున్న అద్దంలోకి చూశాడు. దుమ్ములో దూరంగా తెల్ల కారు వస్తోంది. ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు మరి, తన లెక్క అతనికీ తెలుసు. లారీ వేగం తగ్గినప్పుడు కారూ తగ్గుతోంది. ముందు చిత్తూరు దాకా కొండదారి. చౌడప్ప ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ముత్యాలప్పకు మాత్రం ఎక్కడా ఆపవద్దన్నాడు.

మునిలక్ష్మమ్మ ఒళ్ళో డబ్బా పెట్టుకుని ముందుకు చూస్తోంది. ఆమె వేళ్ళు వాటంతట అవే చొక్కా మీదినుంచి డబ్బాను తడుతున్నాయి. టక్ టక్ టక్. ఆగి, మళ్ళీ టక్ టక్ టక్.

చౌడప్ప అద్దంలోనుంచి కళ్ళు తిప్పకుండానే, చేయి బయటపెట్టి లారీ తలుపు మీద బదులు కొట్టాడు.